ఎవరి రాత ఎక్కడుండాలి: డేటాబేస్ సర్వర్ల అమరికపై సమీక్ష

డేటాబేస్ సర్వర్ నడిచినన్నాళ్లు దాని అమరిక గురించి ఎవరూ ఆలోచించరు. ఆగి, మళ్లీ లేవనన్నప్పుడే ఏ ఫైల్ ఎక్కడుంది, ఏ స్క్రిప్ట్ దాన్ని స్టార్ట్ చేస్తుంది, ఏ విలువను ఎవరు మార్చారు అన్న వెతుకులాట మొదలవుతుంది. ఈ వెతుకులాట హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీకి ఒక రాత్రి శ్రమ. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఒక కళాశాలకో ఆసుపత్రికో అది కొన్ని రోజుల పని నిలిచిపోవడం, ఎందుకంటే ఇలాంటి చోట సర్వర్ గురించి తెలిసిన మనిషి తరచుగా ఒక్కరే ఉంటారు. వారికి బదిలీ అయినా, హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం దొరికినా, వారితోపాటు సర్వర్ జ్ఞాపకం కూడా వెళ్లిపోతుంది. 2016 అక్టోబర్ 11న ఈ రెండు పాత జిల్లాల నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ అనే ఎనిమిది జిల్లాలు ఏర్పడ్డాయి. ఒక కార్యాలయం ఉన్నచోట పలు కార్యాలయాలు వచ్చాయి, తెలిసినవారు మాత్రం ఒక్కసారిగా అన్ని రెట్లు పెరగరు. 2007లో నాచుపల్లి జేఎన్‌టీయూ కళాశాల, 2008లో బాసర ట్రిపుల్ ఐటీ, శాతవాహన విశ్వవిద్యాలయం, 2020లో కరీంనగర్ ఐటీ టవర్ వచ్చాయి కాబట్టి నేర్చుకునేవారికి కొదవ లేదు. ఏం నేర్పాలన్నదే ప్రశ్న. దానికి నా జవాబు ఇది: డేటాబేస్ సర్వర్ ఫైళ్లను రాసే చేతిని బట్టి విడదీయాలి. ప్యాకేజీ తయారుచేసినవారు రాసింది ఒకచోట, ఇక్కడి నిర్వాహకులు రాసింది ఇంకొకచోట, ప్రోగ్రామ్ తనంతట తాను రాసుకునేది మరొకచోట ఉండాలి. భూమి రికార్డైన పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. ఆ రెండూ కలిపి రాస్తే ఎంత తగాదా పుడుతుందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అమరిక అనేది శుభ్రతకు సంబంధించిన చిన్న విషయమని, అసలు ప్రమాదం హార్డ్‌వేర్‌లోనో ప్రోగ్రామ్ లోపాల్లోనో ఉందని అనుకునేవారు ఉన్నారు. ఆధారాలు అలా చెప్పడం లేదు. టాండెమ్ కంపెనీలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో, కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయన్న ప్రశ్నపై రాసిన నివేదికలో, ఆగిపోయిన సందర్భాల్లో 42 శాతానికి నిర్వహణే కారణమని లెక్క తేల్చారు. ఆపరేటర్ చేసిన పనులు, కాన్ఫిగరేషన్, మెయింటెనెన్స్ అన్నీ అందులోవే. గమనించాల్సింది ఏమిటంటే, ఆ యంత్రాలు ఒక భాగం చెడినా ఆగకుండా ఉండేలా ప్రత్యేకంగా తయారుచేసినవి. హార్డ్‌వేర్‌ను ఎంత పటిష్ఠం చేస్తే మనిషి చేసే పొరపాటు వాటా అంత పైకి తేలుతుంది. 2011లో జువోనింగ్ యిన్ బృందం మైఎస్‌క్యూఎల్‌తో సహా అయిదు వ్యవస్థల్లో 546 నిజమైన కాన్ఫిగరేషన్ తప్పులను పరిశీలించింది. వాటిలో 70 నుంచి 85.5 శాతం ఏదో ఒక విలువను తప్పుగా పెట్టినవే. ఆ విలువ తప్పుల్లో నియమానికో రూపానికో విరుద్ధంగా ఉండి యంత్రమే పట్టుకోగలిగినవి, వ్యవస్థను బట్టి 38 నుంచి 54 శాతం మాత్రమే. మిగతావి చూడటానికి సరిగ్గానే ఉంటాయి, ఆ చోటికి మాత్రం సరిపడవు. అటువంటి తప్పును పట్టాలంటే దాన్ని ఎవరు, ఎందుకు రాశారో తెలియాలి. ఆ సంగతి ఫైల్‌లోని విలువ చెప్పదు, ఫైల్ ఉన్న చోటు చెప్పగలదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1990లలో ఒరాకిల్‌లో పనిచేసిన కేరీ మిల్‌సాప్, ఆప్టిమల్ ఫ్లెక్సిబుల్ ఆర్కిటెక్చర్ పేరుతో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. సాఫ్ట్‌వేర్ ఒక డైరెక్టరీ వరుసలో, డేటా ఫైళ్లు మరో వరుసలో, నిర్వాహకుల స్క్రిప్టులు, లాగ్‌లు వేరే చోట ఉండాలి. కొత్త వెర్షన్ వేసినప్పుడు పాతది చెదరకూడదు. ఒక యంత్రంలో ఏ డేటాబేస్‌లు ఉన్నాయో, బూట్ అయినప్పుడు వాటిలో ఏవి లేవాలో ఒరాట్యాబ్ అనే చిన్న ఫైల్‌లో వరుసకొకటి చొప్పున రాసి, చివర వై అనో ఎన్ అనో పెట్టడం ఒరాకిల్ వాళ్లకు అలవాటు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అంత తేలికగా చదవగలిగే అమరిక నాకు ఎక్కువగా కనిపించలేదు. లైనక్స్ లోకంలో 1994లో మొదలైన ఫైల్ వ్యవస్థ ప్రమాణం ఇదే సూత్రాన్ని మొత్తం యంత్రానికి విస్తరించింది: స్థానికంగా రాసుకునే కాన్ఫిగరేషన్ ఎట్సీ డైరెక్టరీలో, మారుతూ పెరిగే డేటా వార్‌లో, ప్యాకేజీ తెచ్చింది యూఎస్‌ఆర్‌లో. చేతిని బట్టి విభజించడమంటే ఇదే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, డేటాబేస్ తయారీదారులు అందరూ దీన్ని ఒప్పుకోలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను దాని తయారీదారులు ఇచ్చినట్టే తీసుకుంటే, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్, ఎవరెవరు ఏ దారిన లోపలికి రావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ.కాన్ఫ్ రెండూ డేటా డైరెక్టరీలోనే ఉంటాయి. రెడ్ హ్యాట్ కుటుంబం ఇప్పటికీ అలాగే ఉంచుతుంది. 2005లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి ఆ ఫైళ్లను బయట పెట్టుకునే వీలు కలిగింది. డెబియన్‌లో మార్టిన్ పిట్ మొదలైనవారు తీర్చిన పద్ధతి ఆ వీలును పూర్తిగా వాడుకుంది. అక్కడ ప్రతి డేటాబేస్ క్లస్టర్‌కు వెర్షన్ సంఖ్య, పేరు ఉంటాయి. 15, మెయిన్ అనే క్లస్టర్ కాన్ఫిగరేషన్ ఎట్సీ కింద ఆ రెండు పేర్ల డైరెక్టరీలో, డేటా వార్ లిబ్ కింద అవే పేర్ల డైరెక్టరీలో దొరుకుతాయి. పీజీ ఎల్‌ఎస్‌క్లస్టర్స్ అని కొడితే ఉన్నవన్నీ పోర్టు నంబర్లతో, నడుస్తున్నాయో లేదో సహా ఒక పట్టికలో వస్తాయి. ప్రతి క్లస్టర్‌కూ స్టార్ట్.కాన్ఫ్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. అందులో ఆటో, మాన్యువల్, డిసేబుల్డ్ అనే మూడు మాటల్లో ఒకటి రాస్తే చాలు. ఒరాట్యాబ్‌లోని ఆ వై, ఎన్‌ల వారసత్వమే ఇది.

డేటా డైరెక్టరీలోనే అన్నీ ఉంచాలనేవారి వాదనలో బలం లేకపోలేదు. ఒక డైరెక్టరీని కాపీ చేస్తే డేటాబేస్ దాని నియమాలతో సహా వచ్చేస్తుంది, బ్యాకప్‌లో ఏదీ మిగిలిపోదు అంటారు. డెబియన్ పద్ధతిలో బేస్ బ్యాకప్ తీసినవారు ఎట్సీని మర్చిపోతే, కొత్త యంత్రంలో డేటా ఉండి కాన్ఫిగరేషన్ లేకుండా మిగులుతారు, అది నిజమే. కానీ ఈ సౌలభ్యానికి చెల్లించే మూల్యం చూడాలి. డేటాతోపాటు ప్రయాణించే కాన్ఫిగరేషన్, కొత్త యంత్రానికి సరిపడని మెమరీ విలువలనూ పాత నెట్‌వర్క్ చిరునామాలనూ కూడా వెంట తెస్తుంది. 128 జీబీ మెమరీ ఉన్న సర్వర్ బ్యాకప్‌ను 16 జీబీ యంత్రంపై పెట్టి స్టార్ట్ చేయబోతే లేవకపోవడానికి అదొక్కటే చాలు. డేటా యంత్రం మారినా మారదు, కాన్ఫిగరేషన్‌లో సగం యంత్రానిదే. పైగా డేటా డైరెక్టరీలోకి పోస్ట్‌గ్రెస్ యూజర్ తప్ప ఎవరూ తొంగి చూడకూడదు, మామూలుగా సర్వర్ చూడనివ్వదు కూడా. అందులో కాన్ఫిగరేషన్ ఉంచితే, మార్పుల చరిత్ర ఉంచుకోవడానికి గిట్‌లో పెట్టాలన్నా డేటా దగ్గరికే వెళ్లాలి. బ్యాకప్‌లో ఎట్సీని కూడా చేర్చడం ఒక్క వరుస పని. కలిసిపోయిన రెండు చేతుల రాతను విడదీయడం అంత తేలిక కాదు.

మూడో చెయ్యి, అంటే ప్రోగ్రామ్ సొంత రాత, ఇటీవలి సమస్య. 2014 చివర్లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.4లో ఆల్టర్ సిస్టమ్ అనే ఆదేశం వచ్చింది. ఎస్‌క్యూఎల్ ప్రాంప్ట్ నుంచే విలువ మార్చవచ్చు, అది డేటా డైరెక్టరీలోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్‌లోకి ఎక్కుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు సర్వర్ ఆ ఫైల్‌ను చివర చదువుతుంది కాబట్టి దాని మాటే చెల్లుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 సెట్ పర్సిస్ట్ పేరుతో ఇదే పని చేసి, డేటా డైరెక్టరీలో మైఎస్‌క్యూఎల్‌డీ-ఆటో.సీఎన్‌ఎఫ్ రాస్తుంది. మైఎస్‌క్యూఎల్‌కు అప్పటికే పలు మై.సీఎన్‌ఎఫ్ ఫైళ్లను ఒకదాని తర్వాత ఒకటి చదివే అలవాటు ఉంది, చివర చదివినదే నిలుస్తుంది. ఇక రాత్రిపూట సర్వర్ ముందు కూర్చున్న కొత్త మనిషి పరిస్థితి ఊహించుకోవచ్చు. ఎట్సీలోని ఫైల్‌లో గరిష్ఠ కనెక్షన్లు 200 అని ఉంటుంది, నడిచే సర్వర్ 500 అంటుంది, ఫైల్ ఎన్నిసార్లు మార్చి రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు.

రిమోట్‌గా పనిచేసేవారికి ఆల్టర్ సిస్టమ్ అవసరమని, సర్వర్‌లోకి లాగిన్ అయ్యే హక్కు లేనివారు కూడా విలువలు సరిచేసుకోగలగాలని వాదిస్తారు. విలువ సరైనదో కాదో సర్వర్ అక్కడికక్కడే చూసి చెబుతుందన్న లాభం కూడా ఉంది. నేను దాన్ని నిషేధించమనను. అది రాసిన రాత వేరే ఫైల్‌లోనే ఉండటం నా వాదనకు అనుకూలమే. అయితే ఎవరి మాట ఎవరిపై చెల్లుతుందో అందరికీ తెలియాలి, తాత్కాలికంగా పెట్టిన విలువను పని అయ్యాక నిర్వాహకుల ఫైల్‌లోకి ఎక్కించి ఆటో ఫైల్‌ను ఖాళీ చేయాలి. ఏ విలువ ఏ ఫైల్‌లో ఎన్నో వరుస నుంచి వచ్చిందో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పీజీ సెట్టింగ్స్ వ్యూ చెబుతుంది, మైఎస్‌క్యూఎల్ 8.0లో పర్ఫార్మెన్స్ స్కీమాలోని వేరియబుల్స్ ఇన్ఫో ఏ ఫైల్ నుంచో మాత్రం చెబుతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 17లో ఆల్టర్ సిస్టమ్‌ను పూర్తిగా ఆపేసే వీలు కూడా ఇచ్చారు. కాన్ఫిగరేషన్ అంతా బయటి నుంచి నడిపేవారి కోసం అలా ఇవ్వాల్సి రావడమే, రెండు చేతులు ఒకే విలువపై పడితే ఎంత ఇబ్బందో చెబుతోంది.

స్టార్ట్ స్క్రిప్టుల దగ్గరికి వస్తే నా అభిప్రాయం మరింత కఠినం. స్క్రిప్ట్ ఏమీ నిర్ణయించకూడదు. పాత సిస్టమ్ ఫైవ్ ఇనిట్ కాలంలో ఎట్సీ ఇనిట్.డీలోని షెల్ స్క్రిప్ట్ ఒక్కొక్కటి వందల వరుసలు ఉండేది. నిర్వాహకులు అందులోనే డేటా డైరెక్టరీ దారి, మెమరీ పరిమితి, పోర్టు ఇరికించేవారు. ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ మార్పులు పోయేవి, లేదా ఏది ఉంచాలని ప్యాకేజీ అడిగితే భయపడి పాతదే ఉంచేవారు. రెండు చేతులు ఒకే ఫైల్‌పై పడిన పక్కా ఉదాహరణ ఇది. ఆ ఇనిట్ స్థానంలో 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన సిస్టమ్‌డీపై ఎన్నో విమర్శలు వచ్చాయి, వాటిలో కొన్ని సబబైనవే. కానీ ఈ ఒక్క విషయంలో అది సరైన దారి చూపింది. ప్యాకేజీ ఇచ్చిన యూనిట్ ఫైల్, అంటే స్టార్ట్ నియమాల ఫైల్, యూఎస్‌ఆర్ లిబ్ కింద ఉంటుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఎట్సీ కింద ఆ యూనిట్ పేరుతో ఒక డైరెక్టరీ పెట్టి, మార్చదలచిన రెండు మూడు వరుసలే ఒక చిన్న ఫైల్‌లో రాస్తే చాలు. సిస్టమ్‌సీటీఎల్ క్యాట్ అని అడిగితే రెండు చేతుల రాతనూ ఏది ఎక్కడిదో చూపిస్తూ వరుసగా ముందు పెడుతుంది.

ఆ రెండు మూడు వరుసల్లో మన జిల్లాలకు ముఖ్యమైనది స్టార్టప్ గడువు. ఎండాకాలపు గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోతే సర్వర్ అర్ధాంతరంగా ఆగుతుంది. మళ్లీ లేచేటప్పుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తన మార్పుల లాగ్‌ను తిరిగి చదివి, రాయాల్సినవి డేటా ఫైళ్లలోకి రాసుకోవాలి. డేటాబేస్ పెద్దదై డిస్క్ నెమ్మదిదైతే దీనికి నిమిషాలు పడుతుంది. సిస్టమ్‌డీ మామూలు గడువు 90 సెకన్లు. ఆలోగా సిద్ధమయ్యానని చెప్పని ప్రోగ్రామ్‌ను అది ఆపేస్తుంది. అప్పుడు రికవరీ మధ్యలో తెగిపోతుంది, మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అదే కథ, చూసేవారికి డేటాబేస్ పాడైపోయిందనిపిస్తుంది. అందుకే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాక్యుమెంటేషనే ఈ గడువును తీసేయమని సూచిస్తుంది. సొంతంగా యూనిట్ ఫైల్ రాసుకునేవారు ఈ వరుసను మర్చిపోవడం ఆశ్చర్యం కాదు, ఎందుకంటే మామూలు రోజుల్లో దాని లోటు కనిపించదు.

దీనికంటే ప్రమాదకరమైనది స్క్రిప్ట్ తెలివి. డేటా డైరెక్టరీ ఖాళీగా కనబడితే కొత్త డేటాబేస్ సృష్టించే స్క్రిప్టులు ఒకప్పుడు రెడ్ హ్యాట్‌లో ఉండేవి. డేటా వేరే డిస్క్‌పై ఉండి, బూట్ సమయంలో ఆ డిస్క్ ఇంకా మౌంట్ కాకపోతే, స్క్రిప్ట్‌కు ఖాళీ డైరెక్టరీయే కనిపిస్తుంది. అది కొత్త డేటాబేస్ సృష్టించి నవ్వుతూ స్టార్ట్ అవుతుంది, ఉన్న రికార్డులన్నీ మాయమైనట్టు ఉంటుంది. తర్వాత ఆ పనిని స్టార్ట్ నుంచి విడదీసి, ఇనిట్‌డీబీ అనే వేరే ఆదేశంగా పెట్టారు, అది సరైన నిర్ణయం. ఈ రోజు డాకర్‌లో వాడే పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ మాత్రం ఖాళీ డైరెక్టరీ కనబడితే మళ్లీ ఆ పనే చేస్తుంది. నేర్చుకునేవారికి అది ఎంతో సౌకర్యం. నిజమైన రికార్డులు ఉన్నచోట మాత్రం డిస్క్ మౌంట్ అయిన తర్వాతే స్టార్ట్ కావాలన్న షరతు యూనిట్ ఫైల్‌లో తప్పక రాసుకోవాలి.

అమరిక లోపం ఎంత దూరం తీసుకెళ్తుందో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగినది చూస్తే అర్థమవుతుంది. ఒక ఇంజనీర్ రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటా డైరెక్టరీని తొలగించారు, సుమారు 300 జీబీ పోయింది. అందరూ గుర్తుంచుకున్నది ఆ ఒక్క ఆదేశాన్నే. సంస్థ బయటపెట్టిన వివరాల్లో అంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి. రోజువారీ బ్యాకప్ తీయాల్సిన పీజీ డంప్, డేటాబేస్ 9.6 వెర్షన్‌ది అయితే తాను 9.2 వెర్షన్‌ది కావడంతో విఫలమవుతూ వచ్చింది. ఏ వెర్షన్ వాడాలో డేటా డైరెక్టరీలో చూసి తెలుసుకునే స్క్రిప్ట్‌ను డేటా డైరెక్టరీ లేని యంత్రంలో నడిపితే, అది పాత వెర్షన్‌ను ఎంచుకుంది. నిర్ణయాలు తీసుకునే స్క్రిప్ట్ అంటే ఇదే. రెండోది, ఆ రాత్రి రెండో సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్టార్ట్ కాలేదు, గరిష్ఠ కనెక్షన్లు 8000 అని ఉండటమే కారణం. దాదాపు ఏడాదిగా అదే విలువతో నడిచిన సర్వర్ అది. ఒకసారి లేచిన సర్వర్ మళ్లీ లేస్తుందని హామీ లేదు. వెర్షన్ మారినప్పుడు ఇది మరింత నిజం: మైఎస్‌క్యూఎల్ 8.0 క్వెరీ క్యాష్‌ను తీసేసింది కాబట్టి, పాత మై.సీఎన్‌ఎఫ్‌లో దాని వరుస మిగిలి ఉంటే సర్వర్ లేవదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 12 నుంచి రికవరీ.కాన్ఫ్ ఫైల్ ఉన్నా అంతే. నిర్వాహకుల వరుసలు వందల వరుసల మూల ఫైల్‌లో కలిసిపోకుండా పదిహేను వరుసల సొంత ఫైల్‌లో ఉంటే, అప్‌గ్రేడ్‌కు ముందు వాటిని ఒక్కొక్కటిగా చదివి చూడటం అరగంట పని.

అసలు జిల్లాల్లో సర్వర్లే ఎందుకు, అన్నీ హైదరాబాద్ డేటా సెంటర్‌కో క్లౌడ్‌కో వెళ్లాయి కదా అన్నది మరో అభ్యంతరం. 2020 అక్టోబర్ 29న మొదలైన భూ రికార్డుల పోర్టల్ ధరణి ఆ దిశలోనిదే, మండల కార్యాలయంలో ఉండేది తెర మాత్రమే. కానీ కేంద్రీకరణతో ఈ ప్రశ్న పోదు, ఒకచోట చేరుతుంది. ధరణి నిర్వహణ 2024 చివర్లో ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ సమాచార కేంద్రానికి మారింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. వ్యవస్థ ఒక చేతి నుంచి మరో చేతికి వెళ్లే ప్రతిసారీ డేటాతోపాటు దాన్ని నడిపే నియమాలు కూడా చదవగలిగేలా అందాలి. మరోవైపు కళాశాల గ్రంథాలయాలు, పరీక్షా విభాగాలు, చిన్న ఆసుపత్రులు తమ సర్వర్లను తామే నడుపుకోవడం ఇంకా ఉంది. 1999లో న్యూజీలాండ్‌లో ఒక గ్రంథాలయం కోసం మొదలై మన దేశంలో విస్తృతంగా వాడుతున్న కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్, డెబియన్‌పై ఒక్కో గ్రంథాలయానికి ఎట్సీ కోహా సైట్స్ కింద ఒక్కో డైరెక్టరీ ఇస్తుంది. జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఈ-గ్రంథాలయ 4.0 పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌పై నడుస్తుంది. ఈ రెండింటిలో దేన్ని వాడినా, అడుగున ఒక డేటాబేస్ సర్వర్ ఉందని గ్రంథాలయాధికారికి తెలిసి ఉండాలి.

ఇంత క్రమశిక్షణ పెద్ద సంస్థలకే, ఒక్క సర్వర్ ఉన్న కళాశాలకు ఆన్సిబుల్, పప్పెట్ లాంటి కాన్ఫిగరేషన్ సాధనాలు ఎందుకన్న మాట న్యాయమైనదే. రెండు సర్వర్లకు ఆన్సిబుల్ నేర్చుకోమని నేను చెప్పను. జోయీ హెస్ తయారుచేసిన ఎట్సీకీపర్ ఒక ప్యాకేజీ, వేసుకుంటే ఎట్సీ మొత్తం గిట్‌లోకి వెళుతుంది, ప్యాకేజీ అప్‌డేట్‌కు ముందూ తర్వాతా తనంతట తానే నమోదు చేస్తుంది. ఎవరు ఏ వరుస ఎప్పుడు మార్చారో ఏళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. కాన్ఫిగరేషన్‌ను డేటా డైరెక్టరీలో వదిలేసినవారికి ఈ ప్రయోజనం అందదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: ఆ గిట్‌లోకి పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు కూడా వెళతాయి, కాబట్టి దాని కాపీని బయటి సైట్లలోకి పంపకూడదు.

ఇక ఏం నేర్పాలన్న మొదటి ప్రశ్నకు వస్తే, జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఈఆర్ మోడల్, నార్మలైజేషన్, క్వెరీలు, ట్రిగ్గర్లు, కర్సర్లు ఉంటాయి. సర్వర్ ముందే నడుస్తూ ఉంటుంది, విద్యార్థి లాగిన్ అయి క్వెరీ రాస్తే చాలు. ఆ ల్యాబ్ రికార్డు పుస్తకంలో ఒక్క ప్రయోగం చేర్చాలని నా సూచన. అధ్యాపకులు ముందురోజు మూడు వేర్వేరు చోట్ల మూడు విలువలు మార్చి సర్వర్‌ను ఆపి ఉంచాలి: ఒకటి ఎట్సీలోని ఫైల్‌లో, ఒకటి ఆల్టర్ సిస్టమ్‌తో, ఒకటి సిస్టమ్‌డీ చిన్న ఫైల్‌లో. విద్యార్థి దాన్ని లేపి, ప్రతి విలువ ఏ ఫైల్‌లో ఏ వరుస నుంచి వచ్చిందో, దాన్ని రాసింది ఏ చెయ్యో రికార్డులో రాయాలి. దీనికి ఒక పాత కంప్యూటర్, డెబియన్ సీడీ చాలు.